పాలకొల్లు మాండలిన్, ఆంగ్లేయుని గిటారు



హైదరాబాదు పాతబస్తీయందు యాకుత్‌పురా అను పేటలో నా నివాసము. అచ్చట నిశ్శబ్దము దుర్లభము. రైలుకూత, బండ్లరొద, పెండ్లి ఊరేగింపులలో మర్ఫా మ్రోత – వీనికన్నిటికిని నా చెవి అలవాటుపడినది. అలవాటుపడనిది ఒక్కటే యుండెను. మా గోడకవతలి ఇంటి కుఱ్ఱవాడు ప్రతిదినము సాయంకాలము విద్యుత్తుతో మ్రోగు గిటారును వాయించుచుండెడివాడు. అది పాశ్చాత్యులు రాక్ అని పిలుచు సంగీతము. నేనో, వీణ విని పెరిగినవాడను. రెండు పర్యాయములు వాని తండ్రితో తగవు పెట్టుకొంటిని. అంతటితో రెండిండ్లకును మాటలు పోయెను. రంజానునాడు వచ్చుచుండిన షీర్‌ఖుర్మా గిన్నెయు నిలిచిపోయెను.

2014 సెప్టెంబరు 19వ తేదీని మాండలిన్ శ్రీనివాసు చెన్నపట్టణమున పరమపదించెను. ఆయన వయస్సు 45 సంవత్సరములే. ఆ మఱునాడు ఆ కుఱ్ఱవాడు మా తలుపు తట్టి, "చాచా, మాండలిన్ సాబు పోయినారు" అని కన్నీరు పెట్టుకొనెను. నాకు మాట రాలేదు. త్యాగరాజ కృతుల నొక్కటియు ఎఱుగని వీనికి శ్రీనివాసుతో నేమి సంబంధము?

ఆ సంబంధమునే మీకు నేడు విన్నవించుచున్నాను.

శ్రీనివాసు 1969లో పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టెను. పసితనముననే మాండలిన్‌ను చేతబట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. వారికి మాండలిన్ వాయించుట రాదు. వారు పాడుచుండగా ఈ బాలుడు విని తంత్రులపై పలికించుచు నేర్చెను. ఇట్టి గురుశిష్యులను నేను మఱియెచ్చటను వినలేదు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములో ఆ పిల్లవాడు తొలికచేరీ చేసెను.

మాండలిన్‌పై కర్ణాటక సంగీతమా యని పెద్దలు సందేహించిరి. సందేహమునకు కారణము లేకపోలేదు. మామూలు మాండలిన్‌కు జంటతంత్రులు నాలుగు. వానిపై నాదము క్షణములో ఆఱిపోవును, గమకము నిలువదు. శ్రీనివాసు జంటలను విడిచి ఒంటితంత్రుల నైదింటిని బిగించి, విద్యుత్తుచే నాదమును పెంచి నిలిపెను. బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను చేపట్టిననాడును కొందఱు పెదవి విఱిచియేయుందురు. నేడు వయొలిన్ లేని కచేరీ యున్నదా?

ఇక రెండవవాడు జాన్ మెక్‌లాఫ్లిన్. 1942లో ఇంగ్లండునందు యార్క్‌షైరులో పుట్టెను. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా యను బృందమును కూర్చి, రాక్, జాజ్ సంగీతములను కలిపి చెవులు చిల్లులుపడునట్లు వాయించి ఖ్యాతికెక్కెను. అంతటి చప్పుడు చేసినవాడు అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్‌గారికడ శిష్యుడై వీణ నభ్యసించెను! గిటారుపై గమకము పలుకుటకై మెట్లనడుమ కొయ్యను గుంటలుగా తొలిపించుకొనెను. తంత్రిని లోనికి నొక్కినచో వీణవలె స్వరము సాగును. పిమ్మట జాకీర్ హుస్సేన్, ఎల్. శంకర్, ఘటము వినాయకరామ్‌గారలతో నేలపై బాసిపట్టువేసి కూర్చుండి శక్తి యను బృందమును నడపెను.

చూచితిరా? ఒకడు పాశ్చాత్యవాద్యమును మన గమకమునకు వంచెను. వేఱొకడు మన గమకముకొఱకు తన వాద్యమును చెక్కించుకొనెను. ఒకరినొకరు ఎఱుగకయే ఇరువురును ఒకే చిక్కుముడిని విప్పుచుండిరి. ఆ బృందము 'రిమెంబర్ శక్తి' యను పేర మరల నిలిచినపుడు, తనకంటె 27 ఏండ్లు చిన్నవాడైన శ్రీనివాసును మెక్‌లాఫ్లిన్ తన సరసను కూర్చుండబెట్టుకొనెను. 2000లో వెలువడిన 'ది బిలీవర్' అను రికార్డులో ఆ యిరువుర సంవాదము వినవచ్చును. అంతకుముందే, 1995లో, మైకేల్ బ్రూక్ అను కెనడా గిటారు విద్వాంసునితో శ్రీనివాసు 'డ్రీమ్' అను రికార్డును చేసియుండెను.

దాపఱికమేల? ఆ వాదనలో కొన్ని పట్లు నాకు నచ్చవు. వేగము వేగముకొఱకే పరుగిడునపుడు రాగము వెనుకబడును. కాని ఒకరు పలికినదానిని రెండవవారు పూర్తిగా విని, పిదప బదులుపలుకుటను నేనచ్చట వింటిని. మా గోడకిరువైపుల ఆ మర్యాద నేను పాటింపలేదు.

కుఱ్ఱవాడు ఆనాడు తెచ్చినది ఈ రికార్డే. మెక్‌లాఫ్లిన్‌కై కొని, శ్రీనివాసునకు చిక్కుకొంటినని చెప్పెను. నేను నా భోషాణములోనుండి శ్రీనివాసు కృతుల కాసెట్టులను తీసి వానికిచ్చితిని. వాని తండ్రి ఆ రాత్రి గుమ్మముకడ నిలిచి, లోనికి రమ్మని నేను రెండుమారులు పిలిచినపిదప వచ్చెను.

2023లో శక్తి బృందము 'దిస్ మొమెంట్' అను రికార్డును వెలువరించెను. దానికి 2024 ఫిబ్రవరిలో గ్రామీ బహుమానము లభించెను. అందలి మొదటి రచన పేరు 'శ్రీనీస్ డ్రీమ్', శ్రీని కల. ఆ యేడు డిసెంబరులో జాకీర్ హుస్సేన్ కూడ కన్నుమూసెను. ఆ రచనను మేము మువ్వురము మా వసారాలో కూర్చుండి వింటిమి. ధ్వని ఎంత హెచ్చుగా నుండవలెనను విషయమున మాత్రము మాకింకను రాజీ కుదురలేదు.