తొలి పరమవీరుడు: మేజర్ సోమనాథశర్మ

వృత్రాసురుని వధించుటకు తగిన ఆయుధం దేవలోకంలో ఎక్కడా దొరకలేదట. అప్పుడు దధీచి మహర్షి తన దేహాన్ని విడిచి ఎముకలను దానం చేసినాడని, వాటితో ఇంద్రునికి వజ్రాయుధం సిద్ధమైనదని పురాణకథ. ఈ కథ ఎరుగని తెలుగువారు అరుదు. కాని స్వతంత్ర భారతం తన సైనికులకు యుద్ధశౌర్యానికి ఇచ్చే అత్యున్నత పతకం మీద ఆ వజ్రాయుధమే ఉన్నదని ఎరిగినవారు అంతమంది ఉండరు. పరమవీరచక్రం చిన్న కంచు బిళ్ల. నడుమ రాజముద్ర, దాని చుట్టూ నాలుగు వజ్రాయుధాలు, వెనుకవైపు తామరపూలు, పైన ఊదారంగు పట్టీ. అందులో వెండి లేదు, బంగారం లేదు.

దీనిని రూపొందించినది సావిత్రీబాయి ఖానోల్కర్. ఆమె స్విట్జర్లాండులో పుట్టి, భారతీయ సైన్యాధికారిని వివాహమాడి, మన పురాణాలను శ్రద్ధగా చదువుకొన్న విదుషీమణి. పతకానికి చిహ్నం కావలసివచ్చినప్పుడు ఆమెకు తోచినది ఖడ్గం కాదు, సింహం కాదు. ఇతరుల రక్షణకై తన ఎముకలను ఇచ్చిన ఋషి. 1950 జనవరి 26న ఈ పతకం నెలకొన్నది. 1947 ఆగస్టు 15 నుండి జరిగిన వీరకృత్యాలకు అది వర్తించునట్లు నిర్ణయించినారు. అందరికంటె మొదట దానికి పాత్రుడైనవాడు మేజర్ సోమనాథశర్మ. అప్పటికి ఆతడు లేడు. సావిత్రీబాయి పెద్దకుమార్తెను వివాహమాడినది ఆతని తమ్ముడే కావడం విధి కల్పించిన విశేషం.

సోమనాథశర్మ 1923 జనవరి 31న కాంగ్డా ప్రాంతంలో, దాఢ్ అనే గ్రామంలో జన్మించినాడు. తండ్రి అమరనాథశర్మ సైనికవైద్యశాఖలో పనిచేసి మేజర్ జనరల్ పదవిని అందుకొన్నవాడు. తాతగారు బాల్యంలో గీత చెప్పేవారు. నైనితాల్‌లోను, డెహ్రాడూన్ సైనిక విద్యాలయంలోను చదువు సాగినది. 1942 ఫిబ్రవరి 22న, పందొమ్మిదేండ్ల ప్రాయంలో, ఆతడు సైన్యంలో అధికారిగా చేరినాడు. మేనమామ కెప్టెన్ కృష్ణదత్త వాసుదేవ జపానువారితో మలయాలో పోరాడి మరణించిన వీరుడు. ఆయన పనిచేసిన రెజిమెంటునే మేనల్లుడు కోరుకొన్నాడు.

ఆ రెజిమెంటు పేరు వింటే మన ప్రాంతంవారికి కొంత ఆశ్చర్యం కలుగుతుంది. అది హైదరాబాదు రెజిమెంటు. నిజాం రాజ్యపు ఖర్చుతో, ఆంగ్లేయ అధికారుల పాలనలో నడచిన హైదరాబాదు కాంటింజెంటు సేన దానికి మూలం. ఆ సేనకు ముఖ్యస్థానం సికింద్రాబాదు పక్కనున్న బొల్లారం. కాలక్రమాన అందులో కుమావూ కొండల జవానులు అధికమైనారు. చివరకు 1945 అక్టోబరులో అది కుమావూ రెజిమెంటుగా పేరు మార్చుకొన్నది. ఈ విధంగా తొలి పరమవీరుడు సైనికజీవితంలో అడుగుపెట్టినప్పుడు ఆతని భుజం మీద ఉన్నది మన నగరం పేరే. రెండవ ప్రపంచయుద్ధంలో బర్మాలోని అరకాన్ అడవులలో ఆతడు కర్నల్ తిమ్మయ్య నాయకత్వాన యుద్ధం చేసి, అధికారుల నివేదికలలో ప్రశంస పొందినాడు.

ఇక 1947 అక్టోబరు మాసానికి వత్తము. ఆ నెల 22న పాకిస్తాను వైపునుండి సాయుధ గిరిజన దళాలు కాశ్మీరంలో ప్రవేశించి, ముజఫరాబాదును ముట్టడించి, బారాముల్లా వరకు వచ్చినవి. 26న మహారాజు హరిసింగ్ భారతదేశంలో చేరుటకు సంతకం చేసినాడు. మరునాటి ఉదయమే సిక్కు రెజిమెంటు జవానులతో మన విమానాలు శ్రీనగర్‌లో దిగినవి. ఆ పటాలాన్ని నడిపిన కర్నల్ రంజిత్ రాయ్ ఆనాడే నేలకొరిగినాడు.

అప్పటి పరిస్థితిని ఒక్క క్షణం మనస్సున నిలుపుకొనవలెను. పఠాన్‌కోట నుండి కొండదారిన సైన్యాన్ని నడిపించి తీసుకొనిపోవుటకు దినాలు పట్టును. శత్రువు శ్రీనగర్‌కు చేరుటకు గంటలు చాలును. కావున కాశ్మీరానికీ తక్కిన దేశానికీ నడుమ ఉన్న అనుబంధమంతా ఒక చిన్న విమానాశ్రయం మీద ఆధారపడినది. అక్కడికి వైమానికదళపు విమానాలేకాక ప్రయాణికుల విమానాలు కూడ సైనికులను, తుపాకులను, ఆహారాన్ని మోసుకొని రేయింబవళ్లు తిరిగినవి. ఆ నేల శత్రువు చేతికి చిక్కినచో నగరాన్ని రక్షించే ఉపాయం మరొకటి లేదు.

నాల్గవ కుమావూ పటాలంలోని ‘డి’ కంపెనీకి సోమనాథశర్మ నాయకుడు. ఆ సమయాన ఆతని ఎడమచేయి పట్టీలో ఉన్నది. హాకీ ఆటలో ఎముక విరిగినది. పట్టీ విప్పేవరకు యుద్ధరంగానికి పోరాదని వైద్యుల సలహా. తన కంపెనీ పోవుచుండగా తాను వెనుక నిలువనని ఆతడు పట్టుబట్టినాడు. అక్టోబరు 31న ఆ చేతితోనే శ్రీనగర్‌లో దిగినాడు.

నవంబరు 3వ తేదీన విమానాశ్రయానికి కొద్ది మైళ్ల దూరంలోనున్న బడ్గాం గ్రామ ప్రాంతాన్ని గాలించుటకు కొన్ని కంపెనీలను పంపినారు. మధ్యాహ్నం వరకు శత్రువు జాడ కనిపించలేదు. తక్కిన కంపెనీలు మరలిపోయినవి. ‘డి’ కంపెనీ మాత్రం మరికొంతసేపు నిలువవలెనని ఉత్తరువు. శత్రువులు చిన్నచిన్న గుంపులుగా వచ్చి చేరుచున్న సంగతి అప్పటికి బయటపడలేదు. రెండున్నర గంటల వేళ గ్రామంలోని ఇండ్ల నుండి తుపాకులు పేలినవి.

ఇక్కడ జరిగిన ఒక చిన్న విషయాన్ని వీరకథలలో సాధారణంగా త్వరగా దాటిపోవుదురు. ఆ ఇండ్లపై ఎదురుకాల్పులు జరుపవద్దని శర్మ ఆజ్ఞాపించినాడు. లోపల స్త్రీలు, పిల్లలు, నిరపరాధులు ఉందురేమో అని ఆతని భయం. తన మనుష్యులమీద గుండ్లు పడుచున్న వేళ ఈ ఆలోచన కలుగుట సామాన్యం కాదు. తాను కాపాడవచ్చినది మట్టిని మాత్రమే కాదని, ఆ మట్టిమీద బ్రతికే ప్రజలనని ఆతడు మరువలేదు. ఆ తరువాత ఆతడు చేసిన సాహసకార్యాలన్నింటికంటె ఈ నిగ్రహం తక్కువది కాదు.

ఇంతలో పడమటి పల్లం నుండి సుమారు ఏడువందలమంది ఒక్కమారుగా విరుచుకొనిపడినారు. వారివద్ద మోర్టారులు, మరతుపాకులు ఉన్నవి. మనవాడొక్కనికి వారు ఏడుగురు. మూడువైపుల నుండి గుండ్ల వాన. శర్మ ఆశ్రయం లేని బయలున ఒక జట్టు నుండి మరొక జట్టుకు పరుగెత్తుచు తనవారిని సర్దినాడు. ఆకాశాన వచ్చిన మన విమానాలకు శత్రువున్న దిక్కు తెలియునట్లు, గుండ్ల నడుమ నిలిచి నేలపై గుడ్డపట్టీలను పరచినాడు. పడినవారు పడగా మరతుపాకులకు మనుష్యులు చాలలేదు. అప్పుడు ఆ నాయకుడు విరిగిన చేతితోనే మాగజైన్లలో తూటాలు నింపి తుపాకీ పేల్చేవారికి అందించుచు పోయినాడు.

బ్రిగేడు కార్యాలయానికి ఆతడు పంపిన చివరి సందేశం సైన్యచరిత్రలో నిలిచిపోయినది. శత్రువు ఏబది గజాల దూరంలో ఉన్నాడని, సంఖ్యలో తాము చాల తక్కువ అని, అయినను అంగుళమైన వెనుకకు జరుగక చివరి మనిషి వరకు, చివరి తూటా వరకు పోరాడుదుమని దాని సారాంశం. మరికొంతసేపటికి ఒక మోర్టారు గుండు ఆతని పక్కనున్న మందుగుండు మీదనే పడి పేలినది. ఆతని వయస్సు ఇరువదినాలుగేండ్లు.

కంపెనీ అప్పటికీ తావు వదలలేదు. సుబేదారుతోపాటు ఇరువదిమందికి పైగా జవానులు ప్రాణాలర్పించినారు. శత్రువుల నష్టం దానికి అనేక రెట్లు. శత్రువు ఆరుగంటలసేపు ముందుకు సాగలేకపోయినాడు. ఆ వ్యవధిలో మన అదనపు బలాలు హమ్‌హామా వద్ద వ్యూహం తీర్చి, విమానాశ్రయానికి అడ్డుగా నిలిచినవి. నవంబరు 7న శాలటెంగ్ వద్ద శత్రువు చెదరిపోయినాడు. 8న బారాముల్లా మన వశమైనది. శర్మ దేహం మూడు దినాల తరువాత దొరకినది. ముఖాన్ని బట్టి గుర్తుపట్టుటకు వీలు లేకపోయినది. తుపాకీ తోలుసంచి, జేబులోని భగవద్గీత పుటలు ఆతని ఆనవాళ్లైనవి.

యుద్ధంలో మరణించినవానిని మనం వీరస్వర్గం అలంకరించినాడని అంటాము. అది గౌరవించే మాటయే. పల్నాటి వీరులకు గుడి కట్టి కొలిచిన జాతికి ఆ మాట కొత్త కాదు. అయితే ఆ మాటలో ఒక ప్రమాదం ఉన్నది. వీరుడు మృత్యువును కోరి వెళ్లినాడేమో అనే భ్రమను అది కలిగించవచ్చును. సోమనాథశర్మ చావును వెదకికొని బడ్గాం పోలేదు. ఆతడు చేసిన పనులను వరుసగా చూడుడు: జవానులను సర్దుట, గుడ్డపట్టీలు పరచుట, తూటాలు నింపుట, అధికారులకు వార్త పంపుట. అన్నియు బాధ్యత ఎరిగిన పనివాని పనులు. కాలమొక్కటే ఆనాడు దేశానికి కావలసినది. దానిని ఆతడు నిమిషం వెంట నిమిషంగా సంపాదించి పెట్టినాడు. దాని వెల తన ప్రాణమని తెలిసికూడ బేరమాడలేదు. త్యాగమనగా ప్రాణం పోవుట కాదు. ఆ ప్రాణం ఎందుకు వినియోగపడినదో అది త్యాగం. దధీచి దేహం విడిచినందుకు కాదు, ఆ ఎముక వజ్రాయుధమైనందుకు గదా మనం ఆయనను తలచుకొనుట.

1999 నాటి కార్గిల్ యుద్ధం వరకు ఆ కంచుబిళ్ల ఇరువదియొక్కమందికి లభించినది. వారిలో పదునలుగురు దానిని తమ చేతులతో అందుకొనలేదు. ఆ వరుసలో మొదటి పేరు సోమనాథశర్మది.

కాశ్మీర సౌందర్యం చూడవలెనని మనలో ఎందరో ముచ్చటపడుదురు. శ్రీనగర్‌కు విమానంలో పోవువారు దిగేది ఈ బడ్గాం జిల్లాలోనే. విమానం చక్రాలు ఆ నేలను తాకినప్పుడు, ఒక నవంబరు మాసపు మధ్యాహ్నం ఆ నేల మనకు దక్కుటకై విరిగిన చేతితో తూటాలు నింపిన యువకుని పేరును మనస్సులో ఒక్కసారి తలచుకొనుట చాలును.