కారు అద్దానికి ఫిల్మ్: పనిలోని కష్టం

కారు అద్దానికి ఫిల్మ్ అతికించే పనికి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట మొదటి శత్రువు దుమ్ము. అద్దాన్ని సబ్బునీళ్లతో ఎంత కడిగినా, రబ్బరు సందులో దాగిన ఒక్క రేణువు చాలు, ఫిల్మ్ కింద బుడగ తేలుతుంది. పక్క అద్దాలు దాదాపు చదును కనుక కొత్తవాళ్లకు కాస్త సులువు. అసలు పరీక్ష వెనక అద్దం. అది అడ్డంగానూ నిలువుగానూ వంగి ఉంటుంది. ఫిల్మ్‌ను మొదట ఆ అద్దం బయటి వైపు పరిచి, హీట్ గన్‌తో మెల్లగా కుదించి ఆ వంపు తెప్పించాలి. వేడి ఎక్కువైతే ఫిల్మ్ కమిలిపోతుంది, తక్కువైతే ముడత పోదు. ఆ అంచనా చెబితే వచ్చేది కాదు, చేతికి పట్టాలి. పాత ఫిల్మ్ గీకేటప్పుడు బ్లేడు తగిలితే ఆ వెనక అద్దం లోపలి డీఫాగర్ (ఆవిరి మసక పోగొట్టే) గీతలు తెగుతాయి. డెల్టా వానాకాలంలో ఫిల్మ్ కింది తేమ ఆరడమూ ఆలస్యమే.

ఇక చట్టం. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ముందు, వెనక అద్దాలకు కనీసం 70 శాతం, పక్క అద్దాలకు 50 శాతం వెలుతురు ప్రసరించాలంటుంది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఎంత పలచని ఫిల్మ్ అయినా అతికించరాదంది. ఎండలు 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఈ పనివాళ్ల ఉపాధికి అది పెద్ద దెబ్బ. నిబంధన సవరించాక, ఆ శాతాలకు లోబడిన ఫిల్మ్‌కు జరిమానా కూడదని 2024లో కేరళ హైకోర్టు తీర్పిచ్చింది.