ఫొటో కింద పేరు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య బుక్ కీపర్ చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పు, వసూలు లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. నన్ను ఫొటోల గురించి చెప్పమన్నారు. ఫొటోలతో సమాఖ్యకేం పని అని కొందరు అనుకోవచ్చు. పని ఉంది. ముందు నా తప్పు చెప్పి మొదలుపెడతాను.

నిరుటి నివేదికకు ఫొటోలు తీసింది నేనే, వాటి కింద రాత రాసిందీ నేనే. అధికారులు ఉన్న ఫొటో కింద ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ, హోదాలూ రాశాను. కాఫీ పళ్ళు కోస్తున్న ఒక పెద్దమ్మ ఫొటో కింద మాత్రం ‘గిరిజన మహిళ’ అని రాసి ఊరుకున్నాను. ఆమెది మా ఊరే. మా సంఘం పెట్టిన రోజు నుంచీ ఉన్న మనిషి. పుస్తకం వచ్చాక మనవడి చేత చదివించుకుని, నా దగ్గరకొచ్చి, “నీకు నా పేరు తెలీదేటే?” అంది.

తెలుసు. ప్రతి నెలా ఆమె పేరు అప్పు పుస్తకంలో రాస్తున్నది నేనే. ఒక్క వాయిదా దగ్గర కూడా తప్పు పోలేదు. అప్పు దగ్గర గుర్తున్న పేరు ఫొటో దగ్గరకొచ్చేసరికి ఏమైపోయింది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ అలవాటు నాతో మొదలైంది కాదు. మన కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ ఏజెన్సీగా ఉన్న రోజుల్లో, మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ అనే దొర, రంగాచారి గారి సాయంతో దక్షిణ దేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాల పుస్తకం వేశాడు. అది 1909లో వచ్చింది. గదబలు, పోర్జాలు, కోదులు అందులో ఉన్నారు. ఆ దొర మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు. ఫొటోల కింద చాలాచోట్ల తెగ పేరే గానీ మనిషి పేరు ఉండదు. నూరేళ్ళు దాటాక నేనూ అదే రాత రాశాను. ఆ దొరకు మన పేర్లు తెలియవనుకుందాం. నాకు తెలుసు కదా!

అలాగని బయటివాళ్ళు తీసిన ఫొటోలన్నీ చెడ్డవని చెప్పను. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్ గారు 1940లలో నిజాం రాజ్యంలో చెంచులు, గోండులు, పాపికొండల దగ్గర కొండరెడ్లతో ఉండి రాశారు, ఫొటోలు తీశారు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. ఆదిలాబాద్ దగ్గర మార్లవాయి గోండులు ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయన భార్య బెట్టీ సమాధి అక్కడే ఉంది. ఎందుకు తలుచుకుంటారంటే, ఫొటో తీసుకుని వెళ్ళిపోలేదు గనక. గోండులకు భూమి పట్టాలు దక్కడానికి పని చేశారు. ముప్పై ఏళ్ళు పోయాక మళ్ళీ వచ్చి, ఆ భూములు ఎలా చేజారిపోతున్నాయో 1982లో ఇంకో పుస్తకం రాశారు. అయితే ఆ ఫొటోలు ఇప్పుడు లండన్‌లో ఒక యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి. మన తాతల మొహాలు చూడాలంటే మనమే అక్కడ వెతుక్కోవాలి.

ఇప్పటి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. వలిసె పూలు పూస్తే చాలు, కార్లు ఆగుతాయి. పూలల్లో నిలబడి ఫొటోలు తీసుకుంటారు, పంట తొక్కేస్తారు. కొందరు రైతులు మనిషికింత అని వసూలు చేస్తున్నారు, అది న్యాయమే. సంతకెళ్తే మన మొహం మీదకే ఫోన్ పెడతారు. థింసా మనం కొత్తల పండక్కి, పెళ్ళికి మన కోసం ఆడుకునే ఆట. ఇప్పుడు ఫొటో కోసం, “ఇంకోసారి ఆడండి, నవ్వండి” అంటున్నారు. 2012లో అండమాన్‌లో జారవా ఆడవాళ్ళ చేత ఇలాగే ఆడించి తీసిన వీడియో దేశమంతా గొడవైంది. మనం వాళ్ళంత దూరంలో ఏమీ లేం.

మరో పక్క సర్కారు ఫొటో. 2023 జనవరి నుంచి ఉపాధి పనిలో రోజుకు రెండుసార్లు ఫొటో తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గూడెంలో ఫొటో ఎక్కకపోతే, గొయ్యి కళ్ళెదుటే ఉన్నా తవ్విన మనిషి లేనట్టే. అంటే ఫొటో వేడుక మాత్రమే కాదు, మన కూలి కూడా. అందుకే దాని సంగతి మనకు తెలియాలి.

ఈ పని ముందే చేసిన మన లాంటి ఆడవాళ్ళు ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల అక్కలు. దళిత మహిళలు, కూలికి వెళ్ళినవాళ్ళు, చాలామందికి చదువు లేదు. వాళ్ళు వీడియో కెమెరా నేర్చుకుని సినిమాలు తీశారు. వరంగల్ రైతులకు బీటీ పత్తితో జరిగిన నష్టం మీద వాళ్ళు తీసిన సినిమా ఇతర దేశాల్లో కూడా చూపించారు. కెమెరా భాషకు వాళ్ళు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే అది పటేల్ షాట్. దొర మంచం మీద కూర్చుని కింద ఉన్న కూలిని చూసే చూపు. కళ్ళకు కళ్ళు సమానంగా పెట్టి తీస్తే సంఘం షాట్. సంఘంలో అందరం ఒకే చాప మీద కూర్చుంటాం కదా, అదీ దాని అర్థం.

ఆ మాట తెలిశాక నేను ఇంటికెళ్ళి నిరుటి ఫొటోలన్నీ మళ్ళీ చూశాను. మీరు కింద కూర్చున్నారు, నేను నిలబడి తీశాను. సగానికి సగం పటేల్ షాట్లే.

అందుకని మహాసభ ముందు కొన్ని మాటలు పెడుతున్నాను. ఒకటి, అడగకుండా ఫొటో వద్దు. అడిగేది మనిషికి అర్థమయ్యే భాషలో అడగాలి, కువిలోనో ఒడియాలోనో. వద్దంటే మానెయ్యాలి, ఎందుకని అడగకూడదు. రెండు, ఫొటో కింద పేరు, ఊరు, చేస్తున్న పని రాయాలి. పేరు వద్దంటే రాయకూడదు. మూడు, ఫొటోలో ఉన్న మనిషికి ఒక కాపీ ఇవ్వాలి. కడిగించడానికి అయ్యే ఖర్చు నివేదిక ఖర్చులో వేద్దాం. నాలుగు, అప్పు కట్టలేకపోయినవాళ్ళ ఫొటో, ఇంట్లో దెబ్బలు తిని మన దగ్గరకు వచ్చిన ఆడపిల్ల ఫొటో ఏ గ్రూపులోనూ పెట్టకూడదు. మంచికే అని పెట్టినా ఆ అమ్మాయి ఊరు దాటి వెళ్ళలేదు. ఐదు, ప్రతి గ్రామ సమాఖ్యలో ఒక ఆల్బమ్ ఉండాలి. విత్తనాలు, పండగలు, ముసలివాళ్ళు, తెగిపోయిన దారులు, ఊరి నీటి ఊట, అన్నీ మన పిల్లల చేతే తీయించి పెడదాం. దారి తెగిందని అర్జీ పెట్టినప్పుడు అదే రుజువు అవుతుంది.

బయటి నుంచి ఫొటోలు తీయడానికి వచ్చేవాళ్ళకూ ఇవే మాటలు చెబుదాం. మనం పాటించకుండా వాళ్ళను అడగలేం కాబట్టి, ముందు మన పుస్తకంతోనే మొదలుపెడదాం.

ఆ పెద్దమ్మ ఇక్కడే, మూడో వరసలో కూర్చుంది. మైకులో ఆమె పేరు చెప్పాలని నాకు నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఆమెను అడగలేదు. మీటింగ్ అయ్యాక అడుగుతాను. ఆమె సరేనంటే వచ్చే ఏడాది పుస్తకంలో అదే ఫొటో మళ్ళీ వేసి, కింద పేరు రాస్తాను.

ఈ తీర్మానానికి ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి. ఎత్తిన చేతుల ఫొటో ఈరోజు నేను తీయను. లెక్క మాత్రం మినిట్స్ పుస్తకంలో రాస్తాను, పేర్లతో సహా.