ముందు దస్తావేజు, తర్వాత కోడ్

 

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది కొద్ది రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరతారు. అందుకే ఆ పనిలో నాకు ప్రాణమైన ఒక్క విషయమే చెబుతాను: ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌కు పంపే సందేశం.

ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఎత్తేదాకా ఆగాలి. ఉత్తరమైతే డబ్బాలో వేసి మన పనిలో మనం పడిపోతాం. ఇవాళ ఎన్నో పెద్ద అప్లికేషన్లు ఉత్తరాల మీదే నడుస్తున్నాయి. మధ్యలో పోస్టాఫీసులాగా ఒక బ్రోకర్ ఉంటుంది. చమురు పైపులైన్ల సమాచారాన్ని శాటిలైట్ మీదుగా పొదుపుగా తెప్పించడానికి 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ ఎమ్‌క్యూటీటీ అనే ప్రోటోకాల్‌ను తయారుచేశారు. లింక్డ్‌ఇన్‌లో పుట్టిన కాఫ్కా అనే సందేశాల వ్యవస్థ 2011లో ఓపెన్ సోర్స్ అయింది. ఈ పద్ధతిలో పంపినవాళ్లకు చదివేవాళ్లెవరో తెలియనక్కర్లేదు. బలమంతా అందులోనే ఉంది, చిక్కూ అందులోనే ఉంది. ఉత్తరాన్ని తప్పుగా అర్థం చేసుకున్నా ఆ సంగతి పంపినవాళ్ల దాకా రాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బుకింగ్‌ల సిస్టమ్ ఒకటి చూసేవాణ్ణి. ఏప్రిల్ 1 తెల్లవారుజామున రెండింటికి చేసిన బుకింగ్‌లు లెక్కల్లో మార్చి 31 కింద, అంటే పాత ఆర్థిక సంవత్సరంలో పడ్డాయి. రెండు రోజులు నిద్ర లేకుండా వెతికాం. పంపే ప్రోగ్రామ్ యూటీసీ సమయం వేస్తోంది, చదివే ప్రోగ్రామ్ దాన్ని మన సమయం అనుకుంటోంది. తేడా ఐదున్నర గంటలు. నిజానికి రోజూ అర్ధరాత్రి దాటాక వచ్చినవన్నీ ముందు రోజులోకే వెళ్తున్నాయి. సంవత్సరం మారిన రాత్రి బయటపడిందంతే. ఆ రెండు టీమ్‌లూ ఒకే అంతస్తులో కూర్చునేవి. ఎవరి మనసులో ఏముందో వాళ్లకు స్పష్టంగానే తెలుసు. కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు.

పొలం కొనేటప్పుడు మన పెద్దలు నోటిమాటతో సరిపెట్టుకోరు. రాయించి ఇచ్చేదెవరు, రాయించుకునేదెవరు, తూర్పు హద్దు ఏది, పడమర హద్దు ఏది, అన్నీ దస్తావేజులో రాయిస్తారు. సందేశాలకు అలాంటి దస్తావేజే అసింక్‌ఏపీఐ. స్పెయిన్‌కు చెందిన ఫ్రాన్ మెండెజ్ మొదలుపెట్టిన ఈ పని 2021లో లినక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి వచ్చింది. నేర్చుకునేవాళ్లకు వాళ్లు చూపించే ఉదాహరణ వీధి దీపాలు. ఏ చానెల్లో ఏ సందేశం వస్తుంది, అందులో ఏ ఫీల్డులు ఉంటాయి అన్నది ఒక యామ్ల్ ఫైల్లో రాస్తారు. వెలుతురు కొలత పూర్ణాంకం, సున్నాకు తగ్గకూడదు. పంపిన సమయం డేట్-టైమ్ రకం. ఆ రకం నియమం ప్రకారం సమయం పక్కన టైమ్ జోన్ ఉండి తీరాలి. ఆ ఒక్క పదం ఆ రోజు మా ఫైల్లో ఉండి, రెండు టీమ్‌లూ దానికి కట్టుబడి ఉంటే మాకు ఆ రెండు రాత్రుల నిద్ర మిగిలేది.

ఈ ఫైల్‌ను, ఒక టెంప్లేట్‌ను అసింక్‌ఏపీఐ జనరేటర్ చేతికిస్తే కోడ్ రాసి ఇస్తుంది. జావా స్ప్రింగ్, నోడ్, పైథాన్, ఇలా ఏది కావాలంటే దానికి తగ్గ టెంప్లేట్. బ్రోకర్‌కు కనెక్ట్ అయ్యే భాగం, సందేశానికి సరిపోయే క్లాసులు, మీ లాజిక్‌ను తగిలించుకోవడానికి ఒక ఫంక్షన్ అన్నీ నిమిషాల్లో వచ్చేస్తాయి. అయితే దీని అసలు విలువ టైపింగ్ తగ్గడంలో లేదని నా గట్టి నమ్మకం. ఫైల్లో ఒక ఫీల్డు పేరు మార్చి మళ్లీ జనరేట్ చేస్తే, పాత పేరు వాడిన జావా కోడ్ కంపైల్ కాదు. అర్ధరాత్రి కస్టమర్ దగ్గర బయటపడాల్సిన తప్పు పొద్దున మీ టేబుల్ మీదే దొరుకుతుంది. అందుకే జనరేట్ అయిన ఫైళ్లను చేత్తో దిద్దకండి. మీ లాజిక్ వేరే ఫైళ్లలో ఉంచుకోండి, లేకపోతే మళ్లీ జనరేట్ చేసినప్పుడు తుడిచిపెట్టుకుపోతుంది.

దస్తావేజు రాయడం కూడా నేర్చుకోవలసిన విద్యే. అసింక్‌ఏపీఐ రెండో వెర్షన్లో 'పబ్లిష్' అని ఉంటే, ఆ అప్లికేషన్‌కు ఇతరులు పంపవచ్చని అర్థం. ఎంతోమంది తిరగేసి చదువుకున్నారు. 2023 డిసెంబర్‌లో వచ్చిన మూడో వెర్షన్ ఆ మాటలు తీసేసి, అప్లికేషన్ వైపు నుంచి చూసి 'సెండ్', 'రిసీవ్' అని పెట్టింది. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు అన్నది సందేహం లేకుండా రాయడానికి నిపుణులకే ఇన్నేళ్లు పట్టింది.

రాసిపెట్టడం ఒక్కటే చాలదు. 1999 సెప్టెంబర్ 23న నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌకను పోగొట్టుకుంది. లెక్క న్యూటన్-సెకన్లలో ఉండాలని స్పెసిఫికేషన్లో రాసే ఉంది. భూమ్మీది సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది. రాసిన కాగితానికీ నడిచే కోడ్‌కూ ముడి లేకపోతే జరిగేది అదే. అలాగని జనరేటర్ ఒక్కటే ఆ నౌకను కాపాడేదని కూడా చెప్పలేను. ఫైల్లో వట్టి 'నంబర్' అని రాస్తే, అది న్యూటన్లో పౌండ్లో ఏ జనరేటర్‌కూ తెలియదు. వీధి దీపాల ఉదాహరణలో ఆ ఫీల్డుకు 'కొలత' అని పేరు పెట్టలేదు, 'ల్యూమెన్స్' అని పెట్టారు. యూనిట్టే పేరు. దాన్ని అలా ఎంచింది మనిషి.

ఇక మీ వంతు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, సందేశాల స్పెసిఫికేషన్ ఎక్కడుందని అడగండి. లేదని చెబితే మొహమాటపడకండి. పంపే టీమ్ నుంచి ఒకరిని, చదివే టీమ్ నుంచి ఒకరిని పక్కపక్కన కూర్చోబెట్టి, మొదటి ఫీల్డు పేరు ఏం పెడదామో అడిగి మీరే రాయడం మొదలుపెట్టండి.