మొదటి ఏడాది పిల్లలతో ఒక కథ

సాహిత్య సదస్సుకి ఈ కోడు రాసుకునే వాణ్ణి ఎందుకు పిలిచారా అని ముందు వరసలో పెద్దలు అనుకుంటూ ఉండవచ్చు. పిలిచినవాళ్ళనే అడగండి. నాకిచ్చింది పదిహేను నిమిషాలు కాబట్టి సూటిగా విషయానికి వస్తాను.

మన పిల్లలు కాలేజీలో చేరగానే, ఇంజనీరింగైనా ప్రీమెడ్ అయినా, చాలాచోట్ల మొదటి ఏడాదిలో ఒక సాహిత్యం క్లాసు తప్పదు. దాని గురించి మన ఇళ్ళలో ఏమంటామో మీకు తెలుసు. "ఏదో ఒకటి రాసి ఏ గ్రేడు తెచ్చుకో, కెమిస్ట్రీ సంగతి చూడు." ఈ మాట అనని తండ్రి ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తండి. ఉన్నారా? సరే, ఇద్దరున్నారు. వారికి నా నమస్కారాలు.

మా ఊరి యూనివర్సిటీలో ఆ క్లాసు చెప్పే ప్రొఫెసరు ఒకాయన నాకు మిత్రుడు. ఒక వారం తెలుగు కథ చెబుదాం రమ్మన్నాడు. గురజాడ అప్పారావు గారి "దిద్దుబాటు" తీసుకున్నాం. 1910లో అచ్చయిన కథ. ఇద్దరం కూర్చుని ఇంగ్లీషులోకి మార్చాం. పిల్లలకి మాత్రం రచయిత పేరు చెప్పలేదు, సంవత్సరం చెప్పలేదు. చివరి పేరా కూడా తీసేశాం.

ఈ ఉపాయం మాది కాదు. 1920లలో కేంబ్రిడ్జిలో ఐ.ఏ. రిచర్డ్స్ అనే ఆచార్యుడు విద్యార్థులకి పేర్లు తీసేసిన పద్యాలు ఇచ్చి, వారం గడువు పెట్టి, తోచింది రాయమన్నాడు. పదమూడు పద్యాల మీద వచ్చిన రాతల్ని 1929లో పుస్తకంగా వేశాడు. చాలా గట్టి చదువు చదివిన కుర్రాళ్ళు జాన్ డన్ వంటి మహాకవిని కూడా తీసిపారేశారు. పేరు కనిపించకపోతే మనకి నిజంగా ఏం నచ్చుతుందో అప్పుడు బయటపడుతుంది. మనలోనూ పోతన అనగానే చేతులు జోడించేవాళ్ళం ఎక్కువ, పద్యం చదివేవాళ్ళం తక్కువ. కోప్పడకండి!

కథ మీకు తెలిసిందే. సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చిన గోపాలరావుకి భార్య కమలిని కనపడదు. నిద్రపోతున్న నౌకరు రాముణ్ణి లేపి వీపు మీద గుద్దుతాడు. తర్వాత ఉత్తరం దొరుకుతుంది. వెళ్ళిపోతున్నానని కమలిని రాసింది.

క్లాసులో పద్ధెనిమిది మంది. మొదటి పావుగంటలో "ఐ లైక్డ్ ఇట్", "ఐ కెనాట్ రిలేట్" అన్న రెండు మాటలే వినపడ్డాయి. మా మిత్రుడు ఆ రెండు మాటల్నీ ఆ పూటకి నిషేధించాడు. "నచ్చిందా లేదా తర్వాత. కథ ఏం చేస్తోందో చూడండి. ఎవరి వెంట నడుస్తోంది? ఎవరి మనసు మనకి తెలుస్తోంది, ఎవరిది తెలియడం లేదు?" అన్నాడు. అక్కణ్ణించి మొదలైంది సందడి. కథంతా గోపాలరావు వెంటే తిరుగుతుంది. కమలిని మన కంటికి ఆనదు, ఆవిడ రాసిన కాగితం తప్ప. మరి కథలో బలం ఎవరిది? ఒక అమ్మాయి అంది: "ఆవిడకి చదువు నేర్పింది అతనే. ఆ చదువుతోనే ఆవిడ అతన్ని కట్టేసింది." వెనక బెంచీ కుర్రాడొకడు, మెకానికల్ ఇంజనీరింగు వాడు, మెల్లిగా అడిగాడు: "అందరూ భార్యాభర్తల గురించే మాట్లాడుతున్నారు. గుద్దు తిన్నది నౌకరు కదా, దానికి మనం ఎందుకు నవ్వాం?" గది నిశ్శబ్దమైపోయింది. నేను ఈ కథ ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను, ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ఇంకో ముచ్చట. ఉత్తరంలో తన్ని సంబోధించిన తీరు మారిందని గోపాలరావు గతుక్కుమంటాడు. ఇంగ్లీషులో ఉన్నది ఒక్కటే "యు". నువ్వు, మీరు, ఏరా, అయ్యా, ఇన్ని మెట్లున్న భాషలో ఒక్క మెట్టు జరిగితే కాపురం కదిలిపోతుందని ఆ పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. రాముడి యాస అయితే మా అనువాదంలో ఆవిరైపోయింది, దానికి మందు లేదు. క్లాసులో ఉన్న ఒకే ఒక్క తెలుగు పిల్ల, ఇంట్లో తెలుగు వింటుందే గాని చదవలేదు, ఆ రోజు మిగతా పదిహేడు మందికీ ఈ మెట్ల సంగతి తనే వివరించింది. అమ్మకి కోపం వచ్చినప్పుడు తనని "మీరు" అంటుందట!

సంవత్సరం 1910 అని చెప్పాక సగం మంది నమ్మలేదు.

"ఇవన్నీ ఎందుకు, చాట్‌జీపీటీ మూడు వాక్యాల్లో చెప్పేస్తుంది" అంటారు. చెబుతుంది, మేమూ అడిగి చూశాం. కథ తప్పు లేకుండా చెప్పింది. అందులో రాముడు లేడు.

తెలుగు చదవలేని పిల్లలకి ఏమిద్దాం అని అడుగుతారు. 1971 నుంచి దశాబ్దాల పాటు విస్కాన్సిన్‌లో తెలుగు చెప్పిన వెల్చేరు నారాయణరావు గారు కన్యాశుల్కాన్ని "గర్ల్స్ ఫర్ సేల్" పేరుతో ఇంగ్లీషు చేశారు, 2007లో ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ఆయనా డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన కళాపూర్ణోదయం అనువాదం 2002లో కొలంబియా నుంచి వచ్చింది. మీ పిల్లల కాలేజీ లైబ్రరీలో ఉన్నాయేమో వెతకండి, లేకపోతే తెప్పించమని పిల్లల చేతే అడిగించండి. పుస్తకం అడిగేవాళ్ళు లేని చోట కోర్సు అడిగితే డీన్ గారు నవ్వుతారు.

"దిద్దుబాటు" కాపీలు నలభై వెనక బల్ల మీద పెట్టాను, తెలుగువీ ఇంగ్లీషువీ. చివరి పేరా లేదు. కథ ముందే తెలిసిన పెద్దలు దయచేసి పక్కవారి చెవిలో ఊదకండి. భోజనాలయ్యాక రెండున్నరకి ఇదే గదిలో కూర్చుందాం. పిల్లల్ని కూడా తీసుకురండి.