హెల్సింకీలో చూచిన పళ్లెములు – నా దుకాణములోని త్రాసు
(మన సంఘ సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగపాఠము)



నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి పాత్రల వ్యాపారములో ప్రవేశించినవాడను. కళలను గూర్చి ఉపన్యసించు అర్హత నాకు లేదు. అయినను 2019వ సంవత్సరమున వ్యాపారనిమిత్తము ఫిన్లాండు దేశమునకు పోయినప్పుడు, హెల్సింకీ నగరములోని డిజైన్ మ్యూజియమును చూచితిని. అచట కలిగిన ఆలోచనను మీతో చెప్పుకొనుటకే నేడు నిలిచితిని.

ఆ సంస్థ 1873లో పుట్టినది. చేతిపనులు నేర్చు విద్యార్థుల కన్నుల యెదుట మంచి వస్తువులను ఉంచుటకే మొదట వాటిని సేకరించిరి. నేను చూచిన భవనము కూడ 1894లో పాఠశాలకై కట్టినదే.

లోపల కిరీటములును, రత్నహారములును ఉండునని తలచితిని. కనబడినవి పీటలు, పళ్లెములు, కత్తెరలు! అల్వర్ ఆల్టో 1933లో రూపొందించిన మూడుకాళ్ల పీట అందొకటి. వారి అడవులలో విరివిగా పెరుగు బర్చ్ కఱ్ఱను వంచి దానికి కాళ్లు చేసిరి. ఒకదానిపై నొకటి పేర్చినచో ఇరుకు గదిలోను అనేకము లిముడును. కాయ్ ఫ్రాంక్ రూపొందింపగా 1953లో విపణికి వచ్చిన కిల్తా పాత్రలు మఱొకటి. వండుటకును, వడ్డించుటకును, దాచుటకును అవే చాలును. మొత్తము కొననక్కఱలేదు, కావలసినవి విడివిడిగా కొనవచ్చును. చిన్న సంసారముల మేలెఱిగి చేసిన పని యని వర్తకుడనైన నాకు తోచెను.

ఆ దేశము 1809 వఱకు స్వీడను ఏలుబడిలోను, పిదప 1917 వఱకు రష్యా ఏలుబడిలోను ఉండెను. పల్లెజనుల నోటనున్న పాటలను ఎలియాస్ లోన్‌రోట్ అను వైద్యుడు కూర్చి, 1835లో కలేవల యను కావ్యముగా ప్రకటించెను. 1900లో పారిస్ ప్రదర్శనమున, పరపాలనలో నుండియు, వారు తమ మండపమును వేఱుగా నిలిపి ఆ కథల చిత్రములతో అలంకరించుకొనిరి.

మనవంటివారు గమనింపదగిన విషయ మొకటి కలదు. అచట స్వీడిషు మాతృభాషగా గలవారు నూటికి అయిదుగురు మాత్రమే. అయినను రాజ్యాంగము ప్రకారము అదియు జాతీయభాషయే. ప్రదర్శనశాలలోని వివరణములు ఫిన్నిషు, స్వీడిషు, ఇంగ్లీషు భాషలలో నున్నవి. కాయ్ ఫ్రాంక్ ఆ అల్పసంఖ్యాకులలోనివాడే. ఆయన చేసిన పళ్లెములలో భోజనము చేసినవారు మాత్రము ఉభయభాషలవారును.

ఆ పళ్లెముల యెదుట నిలిచినప్పుడు నా దుకాణములోని త్రాసు జ్ఞాపకమునకు వచ్చెను. ఇరువది యేండ్లుగా మీ యిండ్లనుండి వచ్చు పాత ఇత్తడిని, రాగిని తూకమునకు కొని కొలిమికి పంపుచున్నాను. ఒకనాడు వచ్చిన గంగాళపు అంచున ఒక ముత్తవ్వ పేరు తెలుగక్షరములలో చెక్కియుండెను. తెచ్చిన బాలునికి ఆ అక్షరములు రావు. నేను చదివి వినిపించితిని. పిదప తూచి సొమ్మిచ్చితిని. ఆ యింట మిగిలియున్న తెలుగు వ్రాత బహుశః అదియొక్కటే. దానిని కరగించినవాడను నేను.

అన్నియు దాచుకొనుడని చెప్పను. ఇరుకు ఇండ్ల సంగతి నాకును తెలియును. ప్రతి కుటుంబమును ఒక్క పాత్రనైన నిలుపుకొని, పండుగనాడు దించి వాడవలెను. అది యెవరిది, దాని పేరేమి, ఎందులకు వాడిరి యను సంగతులను పిల్లలచేత తెలుగున వ్రాయింపవలెను.

ఇకమీదట పేరు చెక్కిన పాత్ర నా దుకాణమునకు వచ్చినచో, ఆ పేరు చదువగల పిల్లవానిని వెంట తీసికొని రండని అడుగుదును. నాకు బేరము పోయిన పోవును గాక. వాడు పేరు చదివిన పిదప కూడ మీకు అమ్ముటకు మనసొప్పినచో, అప్పుడే తూచెదను.