బ్రేకులోని తోలు, మన ఆముదము

(చింతామణి సమావేశమున వర్తకుల పక్షమున చేయబడిన ప్రసంగ పాఠము)



వేరుసెనగ, ఆముదపు గింజలు కొని అమ్ముకొను మేము మోటారు బ్రేకులను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ కథలో తోలును, ఆముదమును గలవు. ఆ రెండును మనకు క్రొత్తవి కావు.

తొలినాటి ఖరీదైన కార్లకు వేగమునకు తగిన బ్రేకు లేకుండెను. హైదరాబాదు చౌమహల్లా భవనములోని నిజాముగారి 1912 నాటి రోల్స్ రాయిస్‌ను మీలో కొందరు చూచియుందురు. ఆ కాలపు సిల్వర్ ఘోస్టు కార్లకు బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే. ముందు చక్రములకు గూడ ఆ సంస్థ బ్రేకు లమర్చినది 1924లో. కడ్డీలతోను, తీగెలతోను నాలుగు చక్రములను సమానముగా పట్టించుట కష్టము. ఒకటి ముందుగా పట్టినచో బండి ఆ ప్రక్కకు లాగును. ఈ చిక్కు తీర్చుటకై అమెరికాలో మాల్కమ్ లాగ్‌హెడ్ గొట్టములలో ద్రవము నింపి, దాని యొత్తిడితో బ్రేకు పట్టించు పద్ధతిని కల్పించి 1917లో పేటెంటు కోరెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ అను ఐశ్వర్యవంతుల కారునకు నాలుగు చక్రముల ద్రవబ్రేకులు వచ్చెను.

పద్ధతి మంచిదే, లోపము ఒక చిన్న భాగమున దాగియుండెను. లాగ్‌హెడ్ బ్రేకు సిలిండరులో బిగువు కొరకు పెట్టినవి పచ్చితోలు కప్పులు. తోలు గుణము మన రైతులకు చెప్పవలెనా? కపిల తొండము నాలుగు నాళ్ళు ఎండెనా, ముడుచుకొని కారును. సైకిలు పంపు గాలి పట్టనప్పుడు లోపలి తోలు బిళ్ళకు చమురు రాచి మరల బిగింతుము. కారులోను అదే జరిగెను. ద్రవము మెల్లగా కారిపోయెడిది. పెడలు అణచినను ఒత్తిడి నిలువకుండెడిది. అన్ని చక్రములకు ఒకే ద్రవమగుటచే ఒకచోట కారినచో అన్నిచోట్లను బలము పోవును.

వాల్టర్ క్రైస్లర్ వద్ద పనిచేసిన జీడర్, స్కెల్టన్, బ్రియర్ అను ఇంజనీర్ల బృందము తోలును తీసివేసి రబ్బరు కప్పు పెట్టినది. కప్పు అంచు ద్రవమువైపు తిరిగియుండును గనుక, ఒత్తిడి పెరిగినకొలది అది గోడకు మరింత హత్తుకొనును. 1924 నాటి క్రైస్లర్ కారు ఈ బ్రేకుతోనే వెలువడెను.

అంతట మరియొక చిక్కు. ఖనిజతైలము తగిలినచో రబ్బరు ఉబ్బి చెడును. అందుచే ఆ దినములలో ఆముదమును, ఆల్కహాలును కలిపి వాడిరి. ఆముదపు వర్తకులమైన మాకు ఈ మాట చెప్పుటలో కొంత గర్వము గలదని దాచము! మన ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దేశమున మోటారు పరిశ్రమకై పాటుపడిరి. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ మొదట కూర్చినవి క్రైస్లర్ కంపెనీ బండ్లే.

ఇప్పటి బ్రేకులలో సాధారణముగా గ్లైకాలు ద్రవము వాడుదురు. అయినను ఆ రబ్బరునకు నేటికిని శత్రువు ఖనిజతైలమే. మన బజారులో అందరును దానిని "బ్రేకాయిలు" అందురు. పేరులోనే ప్రమాదమున్నది. డబ్బామీద ఆంగ్లము, దుకాణపు బోర్డుమీద కన్నడము. షెడ్డులో క్రొత్తగా చేరిన కుర్రవాడు ఎరిగినది తెలుగు. ఆయిలు అనగానే వాడు చేతికందిన ఇంజను ఆయిలు పోసెనా, కప్పు లుబ్బి, టమోటా బరువుతో మదనపల్లె దారి పట్టిన బండికి రాత్రివేళ బ్రేకు పట్టదు. తయారీలోనే లోపమున్నచో బండ్లను వెనుకకు పిలిపించు అధికారమును 2019 సవరణ చట్టము కేంద్ర ప్రభుత్వమున కిచ్చినది. మన కొట్టులో పోసిన తప్పు చమురునకు ఏ కంపెనీ జవాబు చెప్పును?

కావున విడిభాగములమ్ము సోదరులు ఈ డబ్బాలను ఇంజను ఆయిలుతో కలుపక వేరు అరలో ఉంచుడు. "బ్రేకు ద్రవము: ఇంజను ఆయిలు పోయరాదు" అని తెలుగులోను, కన్నడములోను చీటీలు అచ్చొత్తించి తెచ్చితిమి. ద్వారము వద్ద నున్నవి, వెల లేదు.